ఉత్తరం వైపు డేగ

మండపేట రైసుమిల్లు జోగేశ్వరరావు కోడిని చూసి గెలుపు చెప్పడంలో దిట్ట. ఎర్ర ఈకల డేగ పుంజు ఏ వారం గెలుస్తుందో, నల్ల ఈకల కాకి పుంజుని ఏ దిక్కు నుంచి బరిలోకి దింపాలో ఆయన్ని అడక్కుండా ఆ చుట్టుపక్కల ఎవరూ పందానికి వెళ్ళేవారు కాదు. ఆయన గుమ్మం దాటేముందు భార్య నాగరత్నం, "ఇవాళ గెలిచేది ఏదండీ?" అని అడిగేది. ఆయన మీసం దువ్వుకుంటూ చెప్పేవాడు. జోస్యం తప్పితే తప్పు కోడిది, శాస్త్రానిది కాదు.

ఇంత పేరున్నా ఆయనకో కొరత ఉండేది. అది రాజమండ్రి ఆఫీసర్ల క్లబ్బులో సభ్యత్వం. రెండుసార్లు అడిగితే, కోడిపందాల మనిషని రెండుసార్లూ పక్కన పెట్టారు. అక్కడి పేము కుర్చీలో కూర్చుని సోడా తాగితే చాలు, జన్మ ధన్యమనుకునేవాడు.

క్లబ్బు సెక్రటరీ జగన్నాథరావు ధవళేశ్వరంలో ఇంజనీరు. టెన్నిస్ గురించి ఆయనకు తెలియనిది లేదు, గెలిచేవాడి పేరు తప్ప. ఏటా లండన్ ఫైనల్ ముందు సర్వీసనీ బ్యాక్‌హ్యాండనీ గంటసేపు ఊదరగొట్టి, చివరికి ఓడేవాడి పేరు చెప్పేవాడు. ఆ ఏడు క్లబ్బుకి కలర్ టీవీ వచ్చింది. అందులో ఫైనల్ చూడ్డానికి పిలిచిన అతిథుల్లో జోగేశ్వరరావూ ఉన్నాడు.

"మీ కోళ్ళ శాస్త్రంతో ఈ ఫైనల్ ఎవరిదో చెప్పండి చూద్దాం. నిజమైతే మెంబర్‌షిప్ మీదే," అన్నాడు జగన్నాథరావు. అందరూ నవ్వారు.

జోగేశ్వరరావు నవ్వలేదు. పత్రికలో ఆటగాళ్ళ రంగుల ఫోటోలు తెప్పించుకుని చూశాడు. ఒకడిది ఎర్రజుట్టు, ఇంకొకడిది నల్లజుట్టు.

"ఇందులో ఏముందండీ. ఎర్రజుట్టోడు డేగ, నల్లజుట్టోడు కాకి. ఆదివారం ఉత్తరం నుంచి దిగిన డేగకి తిరుగులేదండి."

"టీవీలో ఉత్తరం ఎటో ఎలా తెలుస్తుందండీ?" అని ఒక డాక్టరు నసిగాడు.

"మ్యాపులో పైనెప్పుడూ ఉత్తరమేనండి," అని తేల్చాడు జగన్నాథరావు. కాలవలకి దారి చూపించే ఇంజనీరు మాటకి ఎదురేముంది.

ఆట మొదలైంది. ఎర్రజుట్టువాడు సరిగ్గా తెర పైభాగాన నిలబడ్డాడు. జోగేశ్వరరావు తీరుబడిగా కాళ్ళు చాపుకున్నాడు. ఒక్క గేమ్ అయ్యేసరికి ఆటగాళ్ళిద్దరూ ముఖాలు తుడుచుకుని, అటువాడు ఇటూ ఇటువాడు అటూ నడిచారు.

"అదేంటండీ, కిందకొచ్చేశాడు?"

"సైడ్లు మారతారండి," అన్నాడు జగన్నాథరావు. "ఎండా గాలీ ఇద్దరికీ సమానంగా ఉండాలి కదా. రెండేసి గేములకి మారుతూనే ఉంటారు."

జోగేశ్వరరావు చాపిన కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. ఎర్రజుట్టువాడు ఉత్తరాన గెలిచాడు, దక్షిణానా గెలిచాడు. రెండుచోట్లా పాయింట్లు పోగొట్టుకున్నాడు కూడా. చూస్తూ చూస్తూ ఉండగా ఆయనకి ఇన్నేళ్ళలో ఎన్నడూ రాని ఆలోచన వచ్చింది. దింపాక కోడి మాత్రం దింపినచోటే ఉంటుందా? ఎగిరి అటు పడుతుంది, ఇటు పడుతుంది. మరి తను ఇన్నాళ్ళూ చెప్పిన దిక్కులేమైనట్టు? చేతిలో సోడా వేడెక్కిపోయింది.

చివరికి ఎర్రజుట్టువాడే గెలిచాడు.

క్లబ్బు దద్దరిల్లిపోయింది. డాక్టరు లేచి వచ్చి చెయ్యి కలిపాడు. జగన్నాథరావు స్వయంగా పేము కుర్చీ లాగి వేశాడు. జోగేశ్వరరావు అందులో కూర్చుని, "సైడ్లు మారారు కదండీ," అని గొణిగాడు. ఎంత వినయమో అనుకున్నారంతా. ఒకాయన తన కొడుకు ఇంటర్వ్యూ సంగతి అడిగాడు, ఇంకొకాయన ఇంటి స్థలం చూసి పెట్టమన్నాడు. జగన్నాథరావు ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు.

"నా ప్రమోషన్ ఆర్డరు ఏ దిక్కు నుంచి వస్తుందంటారు?"

"ఉత్తరం నుంచేనండి," అన్నాడు జోగేశ్వరరావు. అడిగి అడిగి సంపాదించుకున్న కుర్చీని మొదటిరోజే పోగొట్టుకోవడానికి మనసొప్పలేదు. ఆ రోజు క్లబ్బులో జోగేశ్వరరావుని నమ్మనివాడు జోగేశ్వరరావు ఒక్కడే.

ఆ తరువాతి వారం పందానికి బయల్దేరుతుంటే, నాగరత్నం ఎప్పటిలాగే గుమ్మంలోకి వచ్చింది.

"ఇవాళ గెలిచేది ఏదండీ?"

ఆయన రెండు గంపల కిందున్న కోళ్ళకేసి చాలాసేపు చూశాడు. చెయ్యి మీసం మీదికి పోలేదు.

"ఏమో నాగరత్నం. రెండూ పుంజులే."

ఆవిడ కంగారుగా చెయ్యి తుడుచుకుని దగ్గరికొచ్చి, జ్వరమేమోనని ఆయన నుదురు తాకి చూసింది.