కుంకుమ పెట్టిన కెమెరా

ఆదివారం సాయంత్రం ఆరింటికి విమానం. ఈలోగా రంగయ్యను పట్టుకోవాలి. పట్టుకోవడమంటే కెమెరాలో.

నీహారిక దగ్గర ఆరు రోజులూ పన్నెండు వందల డాలర్లూ ఉన్నాయి. డబ్బు అమెరికాలో ఫార్మింగ్టన్ హిల్స్‌లోని ఒక చిన్న సంస్థ ఇచ్చింది, ఊళ్లో మనిషి ఎవరి మీదనైనా పది నిమిషాల డాక్యుమెంటరీ తీయమని. ఆమెది కాకినాడ. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చి ఫిల్మ్ మేకింగ్‌లో మాస్టర్స్ చేస్తోంది. ఆ మాట చెప్పినప్పుడల్లా ఎదుటివాళ్లు ఆమెకి జావా నేర్చుకోమని సలహా ఇస్తారు. యూనివర్సిటీ కెమెరాలన్నీ సెమిస్టర్ ఆఖరి దాకా బుక్ అయిపోయాయి. ఈ సినిమా లేకపోతే థీసిస్ లేదు. థీసిస్ లేకపోతే ఇంకో సెమిస్టర్, ఇంకో ఫీజు.

రంగయ్యకు డెబ్బై ఒకటి. మిర్యాలగూడ ఆర్టీసీ డిపోలో ముప్పై రెండేళ్లు మెకానిక్‌గా చేశాడు. భార్య కనకదుర్గతో కలిసి ఆరు నెలల కోసం కూతురు రేణు ఇంటికి వచ్చాడు. ఆ ఇంటి బేస్‌మెంట్‌లోనే నీహారిక అద్దెకుంటోంది. రేణు కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆమె టీమ్‌లో సగం మంది తెలుగువాళ్లే. వారమంతా కంప్యూటర్ మీద ఇంజన్లు గీసే ఆ మనుషులు, సొంత కారు మూలిగిందంటే మాత్రం శనివారం పొద్దున్నే రేణు ఇంటి ముందు క్యూ కడతారు.

రంగయ్య పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుంటాడు. అర నిమిషం తర్వాత జబ్బేమిటో చెబుతాడు. వేసవి నుంచి ఇరవై మూడు కార్లు విన్నాడు. ఒక్కటే తప్పింది, అదీ కారుగలాయన అబద్ధం చెప్పడం వల్ల.

ఇలాంటి మనిషి మళ్లీ దొరకడు. నీహారిక సోమవారమే షాపుకి వెళ్లింది.

అది 2010. ఫిల్మ్ విద్యార్థులందరికీ అప్పుడు ఒకటే పిచ్చి, ఫొటోలు తీసే పెద్ద కెమెరాతో వీడియో తీయడం. అందులో మనిషి స్పష్టంగా ఉంటాడు, వెనకాల లోకమంతా మెత్తగా మసకబారిపోతుంది. అలాంటి కెమెరా, లెన్సుతో కలిపి వెయ్యిన్నీ యాభై డాలర్లు. నీహారిక మూడు నిమిషాలు ఆలోచించింది, అందులో రెండున్నర నిమిషాలు కొనేద్దామనే ఆలోచించింది. కొనేసింది.

మంగళవారం ఆమె క్లాసుకు వెళ్లినప్పుడు కెమెరా డైనింగ్ టేబుల్ మీద ఉంది. కనకదుర్గ చూసింది. ఇంట్లోకి కొత్త యంత్రం వచ్చింది. పూజ చేసినవాళ్లు లేరు. డిపోలోకి కొత్త బస్సు వచ్చినప్పుడల్లా ఆవిడ చేత్తోనే బొట్టు పెట్టించేవారు. వాటిలో ఒక్క బస్సూ బోల్తా పడలేదు. ఆవిడ లెన్స్ మూతకి పసుపు రాసింది, కుంకుమ పెట్టింది. కెమెరా మీద సన్నటి చిల్లులు కనిపిస్తే అక్కడా ఒక చిటికెడు అద్దింది. నిమ్మకాయ తొక్కించడానికి చక్రాలు లేకపోవడంతో దాన్ని చేత్తోనే నలిపేసింది.

ఆ సన్నటి చిల్లులు కెమెరా మైకు.

సాయంత్రం వచ్చిన నీహారిక పైపైన తుడిచింది.

బుధవారం ట్రయల్. రంగయ్య రేణు వ్యాన్ ముందు వంగి విన్నాడు, నీహారిక షూట్ చేసింది. లోపలికి వచ్చి ల్యాప్‌టాప్‌లో చూశారు. బొమ్మ అద్భుతం. రంగయ్య ముఖం మీద ముడతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. శబ్దం మాత్రం గాలి, దాని మీద గాలి, మధ్యమధ్య లెన్స్ ఫోకస్ మార్చుకుంటున్న కిరకిర.

“మొకం మంచిగొచ్చింది. ఇంజన్ ఏది బిడ్డా?” అన్నాడు రంగయ్య.

“వెనకాల ఉంది తాతగారూ. కొంచెం డల్‌గా రికార్డయింది.”

“డల్ గాదు, లేనే లేదు. నీ డబ్బల ఎలుక కొరుకుతున్నది, అదొక్కటే ఇనవడ్తున్నది.”

చెవితో బతికిన మనిషి మీద సినిమా తీస్తూ, నీహారిక డబ్బంతా కంటి మీద పెట్టింది. మిగిలిన నూటయాభైతో ఓ చిన్న మైకు కొన్నా, ఆ కెమెరాకి హెడ్‌ఫోన్ పెట్టుకునే చోటు లేదు. ఏం రికార్డవుతోందో శనివారం షూటింగ్ అంతా అయ్యి ల్యాప్‌టాప్‌లో పెట్టాక గానీ తెలియదు. అప్పటికి కార్లన్నీ వెళ్లిపోతాయి, మర్నాడే రంగయ్య విమానం.

మిగిలింది ఒక్కటే దారి, రిటర్న్. పద్నాలుగు రోజుల గడువుంది. బిల్లుంది. పెట్టె ఉంది. గురువారం మధ్యాహ్నం షాపుకి బయల్దేరింది. తానూ వస్తానని రంగయ్య చెప్పులు వేసుకున్నాడు.

కౌంటర్‌లో ఉన్న తెల్లగడ్డం ఆయన కెమెరాని లైటు కిందికి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. మైకు చిల్లుల దగ్గర ఆగాడు. టూత్‌పిక్ తీసి గీకాడు. తెల్లకాగితం మీద ఎర్రటి పొడి రాలింది. అదేమిటన్నట్టు తలెత్తి చూశాడు.

నీహారిక ఇంగ్లీషులో కుంకుమ గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఎంత వివరంగా చెబితే అంత అనుమానంగా ఉంది. చివరికి రంగయ్య ముందుకొచ్చి, కెమెరాకి రెండు చేతులూ జోడించి దండం పెట్టి చూపించాడు. తెల్లగడ్డం ఆయనకి అర్థమైంది. అర్థమైనా రూలు రూలే. పొడి లోపలికి దిగింది, కొత్తదని అమ్మడానికి లేదు, రెండు వందలు కోసి ఎనిమిది వందల యాభై ఇస్తానన్నాడు.

ఆ కెమెరా ఉంచుకుంటే అందమైన బొమ్మ. ఇచ్చేస్తే ఊడే రెండు వందలు, ఏ అందమూ లేని పాత వీడియో క్యామ్‌కార్డర్. క్లాసులో అందరి సినిమాలూ మసక బ్యాక్‌గ్రౌండ్‌తో మెరుస్తుంటే తనది పెళ్లి వీడియోలా ఉంటుంది.

“ఇచ్చేస్తున్నా,” అంది.

వాడిన క్యామ్‌కార్డర్ నాలుగు వందల ఎనభైకి దొరికింది, మైకు గుచ్చే చోటూ హెడ్‌ఫోన్ చోటూ ఉన్నది. మైకు దగ్గరే చిక్కొచ్చింది. కౌంటర్ మీద మూడు పెట్టారు. నీహారిక అన్నిటికన్నా ఖరీదైనదాని వైపు చెయ్యి చాపింది.

రంగయ్య ఆ చెయ్యి పక్కకి జరిపాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్లు మూసుకుని, మూడు మైకులూ ఒకదాని తర్వాత ఒకటి పైకెత్తించాడు. రెండోది ఉంచమన్నాడు. అది రెండు వందల ముప్పై. తర్వాత కళ్లు తెరవకుండానే సీలింగ్ వైపు వేలెత్తి, ఆ ఫ్యాను బేరింగ్ వారంలో పోతుందని చెప్పాడు. నీహారిక ఆ మాట తెలియజేసింది. పది రోజులుగా ఆ మూలుగు తనకొక్కడికే వినిపిస్తోందని అనుకుంటున్నాడట తెల్లగడ్డం ఆయన. గాలి చప్పుడు ఆపే బొచ్చుతొడుగుకి డబ్బు తీసుకోలేదు.

శనివారం తెల్లారింది. బయట తొమ్మిది కార్లు. క్యామ్‌కార్డర్ స్టాండు మీద, మైకు ఇల్లు తుడిచే మాపు కర్రకి కట్టి. నీహారిక రికార్డు బటన్ నొక్కింది. ముందు తాను టెస్ట్ చేయాలన్నాడు రంగయ్య. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కర్ర అందుకుని, మొదటి కారు వైపు తిప్పాడు, తలూపాడు. రెండో కారు. తలూపాడు. కర్ర తిరుగుతూ తిరుగుతూ తెరిచి ఉన్న వంటింటి కిటికీ దగ్గర ఆగింది. లోపల కనకదుర్గ సూర్యాపేటలోని అక్కతో స్పీకర్ ఫోన్‌లో మాట్లాడుతోంది.

రంగయ్య కళ్లు మూసుకున్నాడు. అర నిమిషం అయింది. నిమిషం అయింది. కర్ర కదల్లేదు. కెమెరా ఆయన ముఖాన్నే చూస్తోంది.

తర్వాత హెడ్‌ఫోన్స్ తీసి ఇచ్చాడు.

“మైకు మంచిదే. ఇది ఎక్కిందా?”

“ఎక్కింది తాతగారూ. వద్దంటే తీసేస్తా.”

ఆయన స్క్రూడ్రైవర్ తీసుకుని మొదటి కారు దగ్గరికి వెళ్లిపోయాడు. నీహారిక టేపు వెనక్కి తిప్పి విన్నది. కనకదుర్గ గొంతు పక్కన కూర్చుని మాట్లాడినట్టుంది.

“ఈడ శనివారమొస్తె పది మంది పిలుస్తరక్కా. ఆడికి పోయినంక ఎవలు పిలుస్తరు? బండ్లన్ని కంప్యూటర్ తోని సూస్తున్నరంట. పొద్దంత నా దిక్కే సూస్కుంట కూసుంటడు. నేను పిలిస్తె మాత్రం పలకడు. ఇంజన్ మూలిగితె ఇనవడ్తది, పెండ్లాం పిలిస్తె ఇనవడదు.”

పది నిమిషాల సినిమాకి గుండెకాయ అది. అది లేకపోతే తొమ్మిది కార్లూ తొమ్మిది చప్పుళ్లూ. నీహారిక పొద్దంతా ఇంజన్లు రికార్డు చేసింది. చెవి మాత్రం రంగయ్య ఉంచమనే మాట కోసమే కాచుకుని ఉంది.

ఒంటిగంటకి వంటింట్లోంచి కనకదుర్గ అన్నానికి పిలిచింది.

“వస్తున్న,” అన్నాడు రంగయ్య, మొదటి పిలుపుకే.

కనకదుర్గ గరిటెతో సహా వాకిట్లోకి వచ్చేసింది, ఆయనకి ఒంట్లో బాగాలేదేమోనని. రంగయ్య చేతులు తుడుచుకుంటూ నీహారిక వైపు తిరిగి, అది ఉండనియ్యి అన్నాడు.

“ఏది ఉండనియ్యాలె?” అంది కనకదుర్గ.

ఆవిడ గొంతు, ఆవిడ మాట. ఆవిడ ఒప్పుకోకపోతే అది సినిమాలో ఉండదు. నీహారిక హెడ్‌ఫోన్స్ ఆవిడ తలకి పెట్టి, బటన్ నొక్కింది. కనకదుర్గ చివరిదాకా విన్నది. మొగుడి వైపు ఒకసారి చూసింది. మళ్లీ మొదటినుంచీ పెట్టించుకుని విన్నది.

“మా అక్క ఈయన గురించి అన్నది ఇందుల ఇనవడ్తలేదు గదా?”

“లేదండీ అమ్మమ్మగారూ. మీ గొంతొక్కటే ఎక్కింది.”

“అయితె ఏస్కో. అది ఎక్కితె మాత్రం ఈయన నన్ను విమానం ఎక్కనియ్యడు.”