బట్టల నీళ్లు

వాన పడితే మా ఇంట్లో ముందు తడిసేవి నా చీరలు, తర్వాత పోయేది నా పరువు. గౌలిపురలో మా ఇంటి కింద పశువుల కొట్టం, అందులో ఐదు బర్రెలు. పైన మేము. ఆ పైన బట్టల దండెం. ముసురు పట్టిందంటే దండెం మీది బట్టలు ఆరవు సరికదా, కొట్టం వాసనంతా పీల్చుకుంటాయి. నేను పనిచేసే బీమా ఆఫీసులో పక్క కుర్చీ అనురాగ్ ఒకరోజు ఎంతో మర్యాదగా అడిగాడు, "అమల మేడమ్, ఈరోజు డబ్బాలో పెరుగన్నమా?" అని. ఆ రోజు నేను తెచ్చుకున్నది చపాతీలు.

దీనికి విరుగుడుగా మా ఆయన నందు, మూతపడిన ఒక లాండ్రీ నుంచి పాత డ్రైయర్ పట్టుకొచ్చాడు. అది పెడితే ఇల్లంతా లైట్లు గుడ్డివయ్యేవి. ఫ్యూజు ఎగిరిపోయేది. మా అత్త శారదమ్మ చూసే సీరియల్ సరిగ్గా కోడలు విషం కలిపే చోట ఆగిపోయేది. కరెంటు బిల్లు చూసిన నందు కూర్చున్న చోటే ఉండిపోయాడు. అందుకని ఈ జూలైలో దాన్ని పాత సామాన్లవాడికి అప్పగించి, తక్కువ కరెంటుతో నడిచే కొత్తది కొన్నాం. ఇది వేడిగాలిని బయటికి వదిలేయదు, లోపలే మళ్లీ మళ్లీ తిప్పుకుంటుంది. బట్టల్లోని తడంతా నీళ్లయి ఒక పెట్టెలోకి చేరుతుంది. పెట్టె నిండితే లాగి పారబోయాలి, అంతే.

మా అత్తకు నచ్చలేదు.

"పాతది పొయ్యి లెక్క కాలేది. ఇదేంది సల్లగ, సప్పుడు లేకుండ? పనిచేస్తున్నదా, పండుకున్నదా?"

ఆరిన తువ్వాలు ఆమె చేతిలో పెట్టాను. ముఖం తుడుచుకుంది. మా అత్త ఏమీ అనలేదంటే తర్వాత అంటుందని అర్థం.

ఆమెకు ప్రాణమంతా పాల మీద. రోజూ పొద్దున ఆరింటికి గేటు దగ్గర స్టూలేసుకుని కూర్చుంటుంది. ప్రతి గిన్నెలో పాలు పోస్తూ ఒకటే మాట చెప్తుంది: "సుక్క నీళ్లు కలపం. బర్రె మీద ఒట్టు." ముప్పై ఏళ్లలో బర్రెలు మారాయిగానీ ఒట్టు మారలేదు.

ఒక శుక్రవారం పొద్దున డ్రైయర్ పెట్టె నిండింది. బకెట్లన్నీ కొట్టంలో ఉన్నాయి. మెట్లు కడగడానికి పనికొస్తాయి కదా అని ఆ నీళ్లను గేటు మూలన పడున్న పాత పాల క్యాన్‌లో వంపుతున్నాను. ఎదురింటి లీలమ్మ గిన్నెతో రానే వచ్చింది.

"ఏం నీళ్లు బిడ్డా అవి?"

"బట్టల నీళ్లు, లీలమ్మత్తా."

నిజం చెప్పడమే నేను చేసిన తప్పు. ఆమె ఖాళీ గిన్నెతో వెనక్కి తిరిగిపోయింది. శనివారం సగం మంది పాలకు రాలేదు. ఆదివారానికి అవి నందు బనియన్ల నీళ్లయ్యాయి. సోమవారానికి వీధిలో పుకారు నందు నడుము దాటి ఇంకా కిందికి దిగింది.

"ముప్పై ఏండ్ల ఇజ్జత్ గా డబ్బ నీళ్లల్ల కలిసింది" అంది అత్త. "ఆ మిషిన్ రేపు ఇంట్ల ఉండొద్దు. ఉంటే నేనుండ."

నందు వెంటనే షాపుకు ఫోన్ చేశాడు. రేపు పదింటికి మనిషిని పంపిస్తామన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఎప్పుడో దూరం జరుపుకున్న కుర్చీని అనురాగ్ మళ్లీ నా పక్కకు జరిపింది ఆ వారమే మరి.

మంగళవారం పొద్దున పదిమంది ఒక్కసారే గేటు దగ్గరికి వచ్చారు. ముందు రామ్‌చందర్ నిలబడ్డాడు. ఉప్పుగూడ స్టేషన్లో టికెట్లిచ్చి రిటైరైన మనిషి, ఏదైనా అందరికీ వినపడేలా అడుగుతాడు.

"శారదక్కా, ఏమనుకోకు. మా పిల్లలు తాగే పాలల్ల నీ కొడుకు చడ్డీ నీళ్లు కలుపుతున్నరంట గద?"

మా అత్త స్టూలు మీంచి లేచింది.

"ఏ నోరన్నది గా మాట? బర్రె మీద ఒట్టు, గా నీళ్లు సుక్క గూడ కలపలే! మేం కలిపేది మంచి నల్లా నీళ్లు! వడబోసి మరీ కలుపుతం!"

కొట్టంలో ఒక బర్రె దగ్గింది. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పటిదాకా ఆమె మీద మండిపడుతున్న నాకు ఆ ముఖం చూసి నిజంగానే జాలేసింది.

రామ్‌చందర్ గిన్నె చంకలో పెట్టుకున్నాడు.

"నల్లా నీళ్లేనా?"

"నల్లా నీళ్లే అన్నా" అన్నాడు నందు వెనక నుంచి.

"గట్ల చెప్పాలె గద! నాలుగు దినాల సంది పరేషాన్ చేసిన్రు" అని గిన్నె చాచాడు. లీలమ్మ కూడా చాచింది. "నీళ్లు కలుపుతవని మాకు ఎరుకే తియ్ అక్కా. ఏం నీళ్లో తెల్వక భయపడ్డం."

పదింటికి షాపు మనిషి వస్తే మా అత్తే తిప్పి పంపింది.

మర్నాటి నుంచి ఆమె పాలల్లో నీళ్లు కలపడం మానేసింది. ఆరింటికి డ్రైయర్ పెట్టె తనే మోసుకొచ్చి, అందరూ చూస్తుండగా ఇంటి ముందు మురుగు మోరీలో వంపి, అప్పుడు స్టూలు మీద కూర్చుంటోంది. మూడో రోజు లీలమ్మ కాచిన పాల గిన్నె పట్టుకుని వచ్చింది. పైన మందంగా మీగడ కట్టింది.

"శారదక్కా, పాలు గింత చిక్కగున్నయేంది? నిజం చెప్పు, ఏం కలుపుతున్నవ్?"

మా అత్త నోరు తెరిచి, కొట్టం వైపు చూసింది. 'సుక్క నీళ్లు కలపం' అన్న ఒట్టు ముప్పై ఏళ్లలో మొదటిసారి నిజంగా వేసుకోవాల్సి వచ్చిన ఆ రోజు, ఆమెకు మాట రాలేదు.