చాప మీద కూర్చోని పిన్ని

అరవై నాలుగు కాగితాల మీదా ఒకటే జవాబు ఉంది: సున్న.

ఫువాటినో ఆ కట్టను ముందునుంచి ఒకసారి, వెనుకనుంచి ఒకసారి తిరగవేసింది. నడిసముద్రంలోని ఉపోలు దీవి దక్షిణపు ఒడ్డున ఉన్న ఆ పల్లె బడిలో ఆమె పదకొండేళ్లుగా పాఠాలు చెబుతోంది. ఫోన్లలో పిల్లల క్షేమం చూసే భారం కూడా ఈ యేడు ఆమె మీదనే పడింది. పట్టణంనుంచి నియమావళి వచ్చింది, ఉపాధ్యాయులకు మూడు దినాలు శిక్షణ జరిగింది, బొమ్మల పటాలు తరగతికొకటి వెలిశాయి. కడపట పిల్లలందరికీ ఒక ప్రశ్న పంచిపెట్టారు: “ముక్కూ మొహం తెలియనివారు ఎంతమందితో నీవు ఫోనులో మాట్లాడుతున్నావు?”

మాటవరుసకైనా ఒక్కరూ ‘ఒకటి’ అని వ్రాయలేదు.

“చూశావా అమ్మా!” ప్రధానోపాధ్యాయుడు వలాసీ పొంగిపోయాడు. ఆదివారాలు ప్రార్థనమందిరంలో పాటల బృందాన్ని నడిపించేదీ ఆయనే. “మన దొడ్డిలోకి ఒక్క తోడేలు కూడా దూరలేదు. సోమవారం నివేదిక పంపేస్తా. దేవుడికి స్తోత్రం.”

“స్తోత్రం సరే సార్. ఎక్కాల పరీక్షలో కూడా మన పిల్లలు ఇంత ఏకమాటగా రాయరే!”

“మంచి జరిగినా నీకు అనుమానమేనా?”

అది అనుమానం కాదు, కుతూహలం. అబద్ధం వ్రాసే చేయి తడబడుతుంది, చెరుపుతుంది, పక్కవాని కాగితం వైపు చూస్తుంది. ఈ సున్నలు మాత్రం నిండుగా, నిశ్చింతగా ఉన్నాయి. నిజమే చెబుతున్నామని నమ్మినవారి వ్రాత అది. అయితే ఆ నిజమేమిటో చూడాలని ఆమెకు మనసు పుట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం భోజనవేళ మాత్రమే ఆ బడిలో ఫోన్లకు అనుమతి. సీమపనస చెట్టు నీడన పదమూడేళ్ల తెలేసియా కుడిచేత్తో తింటూ, ఎడమచేతిలోని ఫోను చూసి ముసిముసిగా నవ్వుకుంటోంది. ఫువాటినో వెళ్లి పక్కన కూర్చుంది.

“ఎంతమంది ఉన్నారే అందులో?”

“మూడొందల పన్నెండు, టీచర్.”

“అమ్మో, మన ఊరే అంత లేదు! అందరూ నీకు తెలిసినవాళ్లేనా?”

“అందరూ చుట్టాలే.”

“ఈవిడెవరు?”

“మెరేతా పిన్ని. ఆక్లాండ్‌లో ఉంటుంది.”

“ఎవరి వైపు పిన్ని? మీ అమ్మ వైపా, నాన్న వైపా?”

తెలేసియా నమలడం ఆపింది. “అదేం తెలీదు. మీ వాళ్లమేనని తనే చెప్పింది. పెద్దవాళ్లు చెప్పాక, మీరెవరి పిల్లలండీ అని నిలదీస్తామా టీచర్? మామ్మ వీపు చిట్లగొట్టదూ!”

ఆ మాటతో అరవై నాలుగు సున్నల అర్థం ఫువాటినోకు తెల్లమైంది. ఆ దీవుల్లో ఏ ఇద్దరిని నిలబెట్టినా ఎక్కడో ఒకచోట వరస కలుస్తుంది. పెద్దవారు “మేము మీ ఇంటివాళ్లం” అంటే పిల్లలు తల వంచి చాప పరవవలసిందే. వంశం అడగడం ముసలివారి హక్కు. అదే పిల్లలు అడిగితే పొగరు. ఇక ముక్కూ మొహం తెలియనివారు ఆ పిల్లలకు ఎక్కడినుంచి వస్తారు? నియమావళి కావలి కాసిన వాకిట అసలు ఎవరూ నడవరు.

“ఏమంటోంది మీ పిన్ని?”

“చాలా మంచిది టీచర్. రేపు ఆపియా పట్నం వస్తోంది. బస్సులు ఆగే చోట నన్ను కలుస్తానంది. నాకు బూట్లు కొందట!” ఆ పిల్ల ముఖం వెలిగింది. అంతలోనే గొంతు తగ్గింది. “మామ్మకి చెప్పొద్దంది. ఒక్కదాన్నే రమ్మంది.”

ఫువాటినో ఆ ఫోను లాక్కోబోయింది. కానీ శిక్షణలో విన్న మాట ఒకటి ఆమెను నిలిపింది: చెప్పిన బిడ్డకు నీ భయం కనబడితే మరొకసారి చెప్పదు. నెమ్మదిగా, “ఈ మాటలన్నీ నాకు చూపిస్తావా? హెడ్మాస్టరు గారికి కూడా చెప్పాలి. నువ్వు తప్పు చేశావని కాదు సుమా,” అంది. ఆ పిల్ల సరేనన్న తరువాత, ఆ సంభాషణనంతా తన ఫోనుతో ఫొటోలు తీసి భద్రపరచింది.

వలాసీ విని తల పట్టుకున్నాడు. “నిజంగా పిన్నే అయితేనో? చుట్టాన్ని దొంగని చేశామని ఆ ఇంటివాళ్లు మొహాన ఉమ్మేస్తారు. ఆదివారం మందిరంలో తల ఎలా ఎత్తుకోను?”

“మీ ఫోనులో చుట్టాలు ఎంతమంది సార్?”

“బోలెడు.”

“వాళ్లలో మీ అమ్మగారి ఎదురుగా చాప మీద కూర్చుని, ఫలానావాళ్లమని చెప్పుకున్నవాళ్లు?”

ఆయన వేళ్లు మడిచాడు. తరువాత కళ్లజోడు తగిలించి ఫోను తీశాడు. ముప్పై ఒక్కరు ఎవరి తాలూకో ఆయనకు తేలలేదు. ఆ ముప్పై ఒక్కరిలో ఒకరికి, పాటల బృందంలోని పిల్లల ఫొటోలు పేర్లతో సహా ఆయనే పంపి ఉన్నాడు. నివేదికను సొరుగులో పెట్టి మూసివేశాడు.

“ఏం చేద్దామంటావు?” గొంతు మెత్తబడింది.

“ఇంటికొచ్చిన చుట్టం ఏం చేస్తాడో అదే చెయ్యమందాం. పెద్దావిడ ముందు కనబడి వరస చెప్పమందాం. అది అనుమానం కాదు సార్, మర్యాద. నిజమైన పిన్నికి అవమానమెందుకు?”

సాయంకాలం ముగ్గురూ తెలేసియా ఇంటికి నడిచారు. చుట్టూ స్తంభాలే తప్ప గోడ అన్నది లేని ఇల్లు అది. ఎవరు ఎవరితో మాటాడినా పదిమందికి వినబడే ఆ ఇంట, గోడలున్న గది అంటూ ఉంటే అది ఆ పిల్ల చేతిలోని ఫోను ఒక్కటే.

మామ్మ సలాఫై సంగతి విని కేకలు వేయలేదు. మందిరానికి వేసుకువెళ్లే తెల్లని రవిక తొడుక్కుంది. అతిథుల చాప దులిపి పరచింది. ఫోనును కోకో కుండకు ఆనించి నిలబెట్టించి, దాని ఎదుట మఠం వేసుకుని కూర్చుంది.

తెలేసియా వ్రాసింది: “పిన్నీ, మామ్మ నిన్ను చూడాలంటోంది.”

జవాబు వెంటనే వచ్చింది.

“ఏమంటుందే?”

“ఇప్పుడు వీలుపడదంట. చెప్పొద్దన్నానుగా అంటోంది.”

“నా ముందు కూర్చోడానికి దానికంత బెదురేమిటి? కొరుకుతానా? పళ్లైనా లేవు! నువ్వే పిలువు.”

తెలేసియా పిలిచింది. ఫోను ఒకసారి మ్రోగింది, రెండుసార్లు మ్రోగింది, తెగిపోయింది. మళ్లీ పిలవబోతే మెరేతా పిన్ని పేరు లేదు, పూలదండ వేసుకున్న ఆ ఫొటో లేదు. ఊదిన దీపంలా మాయమైంది.

వలాసీ లేచి, పట్టణపు పోలీసులకు ఫోను చేయడానికి వాకిట్లోకి వెళ్లాడు.

“ఎవరై ఉంటారే?” ముసలమ్మ ఖాళీ అయిన తెరవైపు వంగి చూసింది. “మన పేరెలా తెలిసిందో!”

తెలేసియా కళ్లు నిండాయి. “నాకెలా తెలుస్తుంది మామ్మా? పెద్దవాళ్లని అడక్కూడదని నువ్వేగా చెప్పావు!”

సలాఫై మనుమరాలిని దగ్గరికి లాక్కుంది. ఆ పిల్ల చెంపలు తన రవిక కొసతో తుడిచింది.

“చెప్పాను. ఇప్పుడూ అదే చెబుతున్నా. నువ్వడక్కు, నేనడుగుతాను. అడగడం నా పని. నా ముందుకి తీసుకురావడం నీ పని. రేపు బస్సెక్కితే కాళ్లు విరగ్గొడతా.”

“ఎక్కను మామ్మా.”

వలాసీ తిరిగి వచ్చి చాప అంచున కూర్చున్నాడు. “ఆ ఫొటోలు తీసుకుని రేపు రమ్మన్నారు. మామ్మగారూ, సోమవారం బడిలో శిక్షణ మళ్లీ పెడుతున్నాం. ఈసారి మీరూ రావాలి. ఊళ్లో మామ్మలందరూ రావాలి.”

“నాకు ఆ ఫోను నొక్కడమే రాదు నాయనా.”

“నొక్కడం పిల్లలకొచ్చు. నువ్వెవరి బిడ్డవని అడగడం మీకే వచ్చు. అందుకే రమ్మంటున్నా.”

సలాఫై స్తంభానికి వీపు ఆనించి సర్దుకుంది. ఆమె చూపు మళ్లీ ఫోను మీదికే పోయింది.

“ఇలాంటి చుట్టాలు ఇంకా ఉన్నారా అందులో?”

“చాలామంది, మామ్మా.”

“అయితే నిలబడి చూస్తావేం? పొయ్యి రాజేసి, టీచరుగారికి కోకో పొయ్యి. ఆ తర్వాత ఒక్కొక్కళ్లనే పిలువు. ఎవరెవరి పిల్లలో చూద్దాం.”