సున్నా మీద ఆగిపోయిన చక్రం

ఎదుటివాడి కళ్ళలోకి లైటు కొట్టి, వాడు పక్కకి పడిపోతే వెనక్కి తిరిగి చూడకుండా పోయే మారాజులారా! బండికి దీపాలు పెట్టింది మీరు దారి చూసుకోవడానికి. ఎదుటివాడి దారి చెరిపేయడానికి కాదు. పైగా పడినవాడి మీదే నింద వేస్తారు. చూపు ఆనదంటారు, తాగాడంటారు, సైకిలు తొక్కడం రాదంటారు. ఒక లాండ్రీ వ్యాను డ్రైవరు కూడా మీలాగే తప్పంతా ఊళ్ళోవాళ్ళ మీద వేస్తూ తిరిగాడు. వాడి సంగతి వినండి.

వాడికో అక్క ఉంది. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే షాపులో పని. కుడిచేయి ఆడినంత కాలమే అక్కడి కుట్టుమిషను ముందున్న కుర్చీ ఆమెది. సోమవారం పొద్దుగూకే వేళ సైకిలు మీద కాలవగట్టు రోడ్డున ఇంటికొస్తోంది. ఎదురుగా రెండు లైట్లు వచ్చాయి. అంతే, రోడ్డు లేదు, గట్టు అంచు లేదు, హ్యాండిలు మీద తన చేతులే తనకి కనబడలేదు. ముందు చక్రం అంచు దాటింది. సైకిలుతో సహా ముళ్ళపొదల్లోకి దొర్లింది. కుడి మణికట్టు విరిగింది.

ఆరు వారాల కట్టు వేయించుకుని ఇంటికొచ్చాక ఆమె తమ్ముడితో తేల్చి చెప్పేసింది.

"చెయ్యి అతుక్కుంటుందిలేరా. ఆ రోడ్డు మాత్రం ఇక ఎక్కను. ఆ కుర్చీ ఎవరికైనా ఇచ్చుకోమని షాపులో చెప్పేయ్."

"పదహారేళ్ళ పని అక్కా! అట్లా ఎట్లా వదిలేస్తావు?"

"పదహారేళ్ళూ కళ్ళు కనబడ్డాయి కాబట్టి చేశాను. షాపు మూసేది ఆరింటికి. ఇంటికి ఉన్నది ఆ రోడ్డొక్కటే. నన్ను ఎగిరి రమ్మంటావా?"

"పోనీ ఆ బండి నంబరు చూశావా?"

"రెండు సూర్యుళ్ళు మీదకొస్తుంటే నంబరు చదువుతారా ఎవరైనా? నువ్వు చదువుతావేమో, తొమ్మిదేళ్ళ డ్రైవరువి."

మర్నాడు మధ్యాహ్నం వాడు పళ్ళు నూరుకుంటూ లైట్ల పిన్ని షెడ్డుకి వెళ్ళాడు. ఊళ్ళో ఏ బండి దీపం ఎట్లా వెలుగుతుందో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. ఆ దొంగ దొరికితే ఇక్కడే దొరకాలి.

పిన్ని గురించి చెప్పాలి. చదువు ఐదో తరగతి. ఇంజను ముట్టుకోదు, బ్రేకులు ముట్టుకోదు. దీపాలు ఒక్కటే. షెడ్డు లోపల ఆ చివర సున్నం వేసిన గోడ ఉంటుంది. దాని మీద ఒక్కో రకం బండికి ఒక్కో ఎత్తులో బొగ్గుతో అడ్డగీత. గోడ ముందు పొట్టి పీట. ముప్పై అడుగుల దూరంలో బండి ఆపి, షట్టరు దించి చీకటి చేసి, వెలుగు గీత దాటకుండా మరలు తిప్పుతుంది. ఆ తర్వాత ఆమె డ్రైవరు సీట్లో కూర్చుని, ఓనరుని పీట మీద కూర్చోబెడుతుంది. సైకిలు మీద వచ్చేవాడి కంటికి దూరాన ఏ వెలుగు తగులుతుందో, ఇంత దగ్గరలో అదే తగిలేలా ఆ పీట ఎత్తు కోయించింది. లెక్క ఎవరూ చెప్పలేదు. రోడ్డు మీద తాడు పట్టుకుని కొలుచుకుంది. నీ దీపం నీ కంట్లో పడకపోతేనే నీకు తాళాలు. కోటు నలుగుతుందని గొణిగిన పెద్దమనుషులు కూడా ఆ పీటెక్కి దిగినవాళ్ళే. లారీకి అదనంగా నాలుగు తెల్ల లైట్లు బిగించమని ఒకడొస్తే, "నువ్వడిగేది దీపం కాదురా, గొడ్డలి. కమ్మరి దగ్గరికి పో" అని పంపించేసింది. పెద్ద పెద్ద చదువులు చదివి బండ్లు తయారుచేసేవాళ్ళు ఒక్కసారి వచ్చి ఆమె ముందు నిలబడితే బాగుండు.

డ్రైవరు వస్తూనే అందుకున్నాడు. "ఎవడో లారీవాడే పిన్నీ. డిమ్ కొట్టడం కూడా రాని వెధవ. నేనైతే ఎదురుగా పిల్లి వచ్చినా డిమ్ కొడతా."

"ఎన్నింటికి పడింది మీ అక్క?"

"ఆరున్నరకి."

"ఆ వేళకి నువ్వెక్కడున్నావు?"

"గట్టు రోడ్డు మీదే. ఆస్పత్రి నుంచి తడి దుప్పట్ల మూటలు ఎత్తుకుని..."

"సైకిలేమైనా ఎదురైందా?"

"దూరంగా ఒకటి కనబడింది. తర్వాత లేదు. సందులోకి తిరిగిందనుకున్నా."

"గట్టు మీద సందెక్కడుందిరా?"

వాడు బయటున్న బండి వైపు చెయ్యి చూపించాడు. "డిమ్‌లోనే ఉన్నా పిన్నీ, ఒట్టు! పోయిన నెల నువ్వే కదా సరిచేశావు!"

"బండి లోపలికి తే."

షట్టరు దించారు. లైటు వేశారు. వెలుగు అంచు బొగ్గు గీత కిందే, గీసినట్టు ఆగింది. వాడికి ప్రాణం లేచొచ్చింది. "చూశావా!"

పిన్ని గోడ వంక చూస్తూ నిలబడింది. "సోమవారం బండిలో ఏముంది?"

"నలభై మూటలు."

"ఇప్పుడు?"

"ఇప్పుడేముంటుంది, ఖాళీ."

ఆమె మూలనున్న ఇసుక బస్తా ఒకటి భుజాన వేసుకుంది. వాడూ అందుకున్నాడు. బస్తాలు, పాత బ్యాటరీలు, చేతికందిన బరువల్లా వ్యానులోకి ఎక్కించారు. వెనక చక్రాల మీద బండి కూలబడింది. ముక్కు పైకి లేచింది. గోడ మీద వెలుగు గీత దాటి జానెడు పైకి పాకింది.

"పో. కూర్చో."

వాడు పీట మీద కూర్చున్నాడు. ఎదురుగా తన బండి. తొమ్మిదేళ్ళు తుడిచిన బండి. తెల్లటి మంట తప్ప ఏమీ లేదు. గోడ లేదు, నేల లేదు. చెయ్యి దానంతటదే కళ్ళకి అడ్డం లేచింది. అక్కకి ఆ వీలు కూడా లేదు, ఆమె రెండు చేతులూ హ్యాండిలు మీదున్నాయి. వాడు చెయ్యి దించేశాడు. నీళ్ళు కారుతున్నా కళ్ళు మూయలేదు.

"ఆపనా?" అంది పిన్ని.

"ఆపకు పిన్నీ."

ఆమే ఆపేసింది. తర్వాత స్టీరింగు పక్కకి వంగి చూసింది. "ఒరేయ్, ఇదేంటి? సున్నా నుంచి మూడు దాకా అంకెలేసిన చిన్న చక్రం?"

"రేడియో సౌండుదేమో అనుకున్నా. తిప్పితే పాట పెరగలేదు. పాడైందని మళ్ళీ సున్నా మీద పెట్టి వదిలేశా."

పిన్ని లైటు వేసి దాన్ని తిప్పింది. ఒకటి. రెండు. లైట్ల లోపల ఏదో సన్నగా గుర్రుమంది. మూడు. గోడ మీది వెలుగు మెట్లు దిగినట్టు దిగి, గీత కిందికి వచ్చి కూర్చుంది. బరువెక్కితే లైట్లని కిందికి దించడానికే ఆ చక్రం. తొమ్మిదేళ్ళుగా సున్నా మీదే ఉండిపోయింది.

వాడు తల పట్టుకున్నాడు. పిన్ని బండి దిగి వచ్చి పక్కనే నేల మీద చతికిలబడింది.

"సగం తప్పు నాది కూడారా. పాతికేళ్ళుగా ఖాళీ బండ్లకి గీత సరిచూస్తున్నా. సరుకు బండి ఖాళీగా తిరుగుతుందా ఎక్కడైనా? నాకెందుకు తట్టలేదు ఇది!"

ఇంకొకరైతే అక్కడే మూసిపెట్టేవాళ్ళు. పిన్ని మర్నాడే షెడ్డు తలుపు మీద సుద్దముక్కతో రాసింది: "నా దగ్గర లైట్లు చేయించుకున్న సరుకు బండ్లన్నీ సరుకుతో మళ్ళీ రావాలి. తప్పు నాది." ఇంత పొడుగు అక్షరాలు. తప్పు నాదని తలుపు మీద రాసుకునే మనిషిని ఎక్కడైనా చూశారా మీరు?

తమ్ముడు మాత్రం ఆ సాయంత్రమే అక్క ముందు నిలబడి మొత్తం చెప్పేశాడు.

అక్క వాణ్ణి ఎగాదిగా చూసింది. "రెండు సూర్యుళ్ళ మారాజువి నువ్వేనా!"

"కొట్టక్కా. ఊరుకోకు."

"ఎడమచేత్తో కొడితే నాకు తృప్తి ఉండదు. ఆరు వారాలు ఆగు." ఆ మాటకి వాడికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఆమె నవ్వలేదు. "మీ లాండ్రీకి ఇట్లాంటి బండ్లెన్ని?"

"పదకొండు."

"ఆ చక్రం తిప్పేవాళ్ళు?"

"...ఇవాళ్టి నుంచి నేను."

"నువ్వొక్కడివి తిప్పితే నేను రోడ్డెక్కుతానా? మిగతా పదిమందీ నన్ను చూసి లైట్లు ఆర్పేసుకుంటారా?"

ఆ జవాబు లాండ్రీ యార్డులో ఉందని వాడికి తెలిసింది.

శనివారం సాయంత్రం లాండ్రీ యార్డు. మూటలు నింపుకున్న వ్యాన్లు వరసగా గేటు వైపు తిరిగి ఉన్నాయి. డ్రైవరు మూటలతో ఉన్న తన వ్యానుని గేటు పక్క గోడకి ఎదురుగా, ముప్పై అడుగుల దూరంలో, వాటి దారికి అడ్డంగా పెట్టి దిగాడు. దాంట్లోంచి పొట్టి పీటతో పిన్ని దిగింది, మెడలో వేలాడే కట్టుతో అక్క దిగింది.

సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చాడు. "బండ్లు కదిలే టైములో ఏంటయ్యా ఈ గోల? మనవాళ్ళంతా డిమ్‌లోనే నడుపుతారు కదా!"

"నేనూ డిమ్‌లోనే నడిపాను సార్. మా అక్క చెయ్యి విరగ్గొట్టాను."

సూపర్‌వైజరు అక్క కట్టు వంక చూశాడు. పిన్ని గోడ ముందు పీట వేసింది. "ఒక్క నిమిషం కూర్చోండి సార్."

డ్రైవర్లందరూ చూస్తున్నారు. కూర్చోక తప్పలేదు. డ్రైవరు చక్రాన్ని సున్నాకి తిప్పి లైటు వేశాడు. సూపర్‌వైజరు చెయ్యి చటుక్కున మొహానికి అడ్డం లేచింది.

"చెయ్యి దించండి సార్," అంది అక్క. "నా చేతులు హ్యాండిలు మీదున్నాయి."

ఆయన దించాడు. మొహం పక్కకి తిప్పుకున్నాడు. "చాలమ్మా. అర్థమైంది. రేపు చూద్దాం."

"రేపటి దాకా ఎందుకు?" అంది అక్క. "గట్టు మీద ఇప్పుడు కూడా సైకిళ్ళు వస్తున్నాయి. ఈ గోడ మీద గీత ఇప్పుడే గీయించండి. బొగ్గు మేమే తెచ్చాం. పీట ఇక్కడే ఉంటుంది. మూటలెక్కించాక, గేటు దాటక ముందు, ప్రతి బండీ ఈ గోడ ముందు ఆగాలి, వెలుగు గీత దిగేదాకా చక్రం తిప్పాలి. నా కట్టు ఆరు వారాల్లో విప్పుతారు. ఆ సాయంత్రం ఆరున్నరకి నేను ఆ రోడ్డు మీద ఉంటాను. పదకొండు బండ్లున్నాయి సార్. మీరు పీట మీంచి లేవకముందే మొదటిదాన్ని పిలవండి."