గురువారానికి పట్టిన సీసాలు

"మీ పాపకి ఇప్పుడు ఎన్ని నెలలు నిండాయండీ?" మందుల షాపులో పిల్ల మళ్ళీ అడిగింది.

నోరీన్ చేతిలో పాలసీసాలు శుద్ధి చేసే మాత్రల డబ్బా ఉంది. మొదటిసారి ఆ పిల్ల "బాబా, పాపా?" అని అడిగినప్పుడు, ఇవి మా ఆయన బీరు సీసాలు కడుక్కోవడానికమ్మా అని చెప్పేస్తే ఒక్కరోజుతో పోయేది. నోరు జారి "పాప" అంది. అప్పటినుంచీ నెలనెలా ఆ లేని పాపకి వయసు పెంచుకుంటూ రావాల్సి వచ్చింది.

"ఏడో నెల నడుస్తోంది," అంది నోరీన్.

"ఇంక పళ్ళొస్తాయి, చూసుకోండి. రాత్రిళ్ళు నిద్ర పోనివ్వరు."

వేరే వారమైతే ఈ మాట ఇంటిదాకా వెంటొచ్చేది. ఈ వారం రాలేదు. గురువారం మిసెస్ లమ్ ఇల్లు చూడ్డానికి వస్తోంది. పిల్లల్ని పెంపకానికిచ్చే ఆఫీసు మనిషి. అంతా సవ్యంగా ఉంటే జానిస్ అనే నాలుగేళ్ళ పిల్ల ఈస్టరు లోపల ఈ ఇంటికొచ్చేస్తుంది. ఫోటో కూడా చూపించారు. ఒక సాక్సు జారిపోయి, ఎండకి కళ్ళు చిట్లించుకుని నిలబడి ఉంది పిల్ల. ఆ జారిన సాక్సు నోరీన్ మనసులోంచి పోవడంలేదు.

కీత్లీ ఊళ్ళో వాళ్ళుండే వీధిలో సగం ఇళ్ళలో బీరు కాచేవాళ్ళే. ఉన్ని మిల్లు సగం మూతపడ్డాక, తాగే సీసా ఎవరింట్లో వాళ్ళే తయారు చేసుకోవడం మొదలుపెట్టారు. నోరీన్ మొగుడు క్లిఫర్డ్ తొమ్మిదేళ్ళుగా కాస్తున్నాడు. అతని సరంజామా అంతా ఇంట్లోదే, లేదంటే ఎవరో పారేసిందే. సంతలో కొన్న ప్లాస్టిక్ చెత్తడబ్బా, నోరీన్ జామ్ కాచుకునే పెద్ద గిన్నె, ఆవిడ పాత మేజోడుతో కుట్టిన వడగుడ్డ, చేపల తొట్టె శుభ్రం చేసే రబ్బరు గొట్టం. బార్లీ పాకం, చేదు కోసం హాపు పువ్వులు వేసి కాచి, చల్లార్చి, ఈస్టు చల్లి, చెత్తడబ్బా మీద రొట్టెల పళ్ళెం మూత పెడతాడు. దాన్ని తీసుకెళ్ళి మేడమీద వేడినీళ్ళ ట్యాంకు ఉన్న అలమరలో పెడతాడు. అందరూ దుప్పట్లూ తువ్వాళ్ళూ ఆరబెట్టుకునే చోట అది. నోరీన్ దుప్పట్లు తొమ్మిదేళ్ళుగా పులిసిన వాసనే.

ఆ అలమర తలుపు తెరుచుకునేది చిన్నగదిలోకి. ఇప్పుడు జానిస్ గది.

"ఆ చెత్తడబ్బా గురువారానికి కనపడకూడదు," అంది నోరీన్ శనివారం పొద్దున.

"అది చెత్తడబ్బా కాదని ఎన్నిసార్లు చెప్పాలి? కొన్నాక ఇంతవరకూ అందులో చెత్త వేసినవాడు లేడు."

"ఆవిడకేం తెలుసు? తలుపు తీస్తే నురగ కక్కుతున్న చెత్తడబ్బా కనపడుద్ది. తాగుబోతు కొంప అని రాసుకుపోద్ది."

"పొదుపు కొంప అని రాసుకోమను."

"నవ్వులాట కాదు క్లిఫ్."

"సరేలే. రేపు కొలత వేసి చూస్తా. దిగితే సీసాల్లో పట్టేస్తా."

"దిగకపోతే?"

"దిగుద్దిలే అంటున్నాగా."

పాలల్లో నీళ్ళు కనిపెట్టే గొట్టంలాంటిదే ఆ గాజు కొలత. బీరులో తీపి ఉన్నన్నాళ్ళూ పైకి తేలుతుంది. ఈస్టు ఆ తీపిని తినేసేకొద్దీ లోపలికి దిగుతుంది. ఆరు గీత దగ్గర రెండు రోజులు కదలకుండా నిలబడితే పులియడం అయిపోయినట్టు. ఇంకా తీపి ఉండగా సీసాల్లో పోసి మూత బిగిస్తే లోపల పుట్టే గాలికి దారి ఉండదు. ఇది ఆ వీధిలో పిల్లలకి కూడా తెలిసిన సంగతి. పాలు పొయ్యిమీద పెట్టి నిద్రపోయేవాడైనా ఉంటాడు కానీ కొలత చూడకుండా సీసా పట్టేవాడు ఉండడు.

ఆదివారం మధ్యాహ్నం క్లిఫర్డ్ మేడ దిగివచ్చి, "ఆరు మీద నిలబడింది. పట్టేద్దాం పద," అన్నాడు.

ముప్ఫై ఎనిమిది సీసాలు. నోరీన్ ఒక్కొక్క దాంట్లో నురగ కోసం అరచెంచా పంచదార వేసింది. అతను గొట్టంతో బీరు నింపి, రేకుమూత పెట్టి, సుత్తితో ఒక దెబ్బ వేశాడు. పని చేస్తున్నంతసేపూ ఆవిడ మాట్లాడుతూనే ఉంది. కిటికీ తెరకి పసుపురంగు గుడ్డ బావుంటుందా, నాలుగేళ్ళ పిల్లకి గుడ్డు ఎలా చేసి పెట్టాలి, పక్క సందులో బడికి ఇప్పుడే పేరు రాయించాలా అని. అతను "ఊ" అంటూ సుత్తి దెబ్బలు వేశాడు. చాలా రోజుల తర్వాత ఇద్దరూ కలిసి చేసిన పని అది. నోరీన్‌కి సంతోషంగానే ఉంది.

"ఇవి పెరట్లో బొగ్గులకొట్లో పెట్టు," అంది ఆఖరికి.

"చలికి పడుకుంటుంది బీరు. వారం రోజులు వెచ్చగా ఉండాలి. అలమర తలుపు మూసేస్తే ఎవరిక్కనిపిస్తాయి?"

అదీ నిజమే కదా అనుకుంది. ముందు వరసలో ఇస్త్రీ చేసిన దుప్పట్లు పేర్చి, వెనక సీసాలు పెట్టించింది.

గురువారం మూడింటికి మిసెస్ లమ్ వచ్చింది. యాభై దాటిన లావుపాటి మనిషి. గొడుగు మూలన పెట్టి, కుర్చీలో కూర్చుని రెండు కేకు ముక్కలు ఆనందంగా తింది. ప్రశ్నలన్నీ నోరీనే అందుకుంది. 

"మీరేమంటారు మిస్టర్ హెల్లివెల్?" అని మిసెస్ లమ్ క్లిఫర్డ్ వైపు తిరిగింది.

"ఆవిడెలా అంటే అలాగేనండీ," అన్నాడు క్లిఫర్డ్.

"మా ఆయనా అంతే. పెళ్ళిలో కూడా ఆ మాటే అన్నాడు," అని ఆవిడ నవ్వింది. "పదండి, గది చూద్దాం."

చిన్నగదిలో మంచం మీద కూర్చుని పరుపు నొక్కి చూసింది. కిటికీలోంచి కొండ కనిపిస్తోందని మెచ్చుకుంది. నోరీన్ కొత్త తెరని సర్దుతోంది. క్లిఫర్డ్ గదిలోకి రాలేదు, మెట్ల పైన కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

అలమరలో ఢామ్మని ఒక చప్పుడు. ఏదో కిందపడిందనుకునే లోపల ఇంకోటి, దాని వెంట మూడోది, తర్వాత లెక్కలేదు. ఒక సీసా పక్కదాన్ని, అది దాని పక్కదాన్ని పగలగొట్టుకుంటూ పోయాయి. పల్చటి చెక్క తలుపు ఊడి గదిలో పడింది. దుప్పట్లు నురగలో తేలుతూ వచ్చాయి. మిసెస్ లమ్ మంచం మీంచి లేచి గోడకి అతుక్కుపోయింది. అంతా సద్దుమణిగాక చూస్తే, దిండు మధ్యలో అరచేతి పొడవు గాజు పెంకు దిగి ఉంది.

అయిపోయింది అనుకుంది నోరీన్.

మిసెస్ లమ్ బూటు మీది నురగ చూసుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందేమో అనుకుంటే, నవ్వుతోంది.

"మా నాన్న అల్లం బీరు కాచేవాడు," అంది కళ్ళు తుడుచుకుంటూ. "క్రిస్మస్ పూట పాదిరీగారు మా ఇంటికి భోజనానికొస్తే ఆయన నెత్తిన పేలింది. చచ్చేదాకా మా వీధి తొక్కలేదు ఆయన." ఆ తర్వాత దిండు వంక చూసి నవ్వు ఆపేసింది. "ఆ పిల్ల ఇక్కడ పడుకుని ఉంటే మాత్రం వేరేగా ఉండేది, మిసెస్ హెల్లివెల్."

"తెలుసండీ."

"ఈ సరుకంతా ఇంట్లోంచి బయటికి పోవాలి. వచ్చే బుధవారం మళ్ళీ వస్తాను. గది బావుందని రాసుకుంటాను, మిగతాది నేను చూళ్ళేదు. సరేనా?"

నోరీన్ ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఈ మాట క్లిఫర్డ్ కూడా విన్నాడా అని తిరిగి చూసింది. విన్నాడు. అతని మొహంలో నవ్వు లేదు, సిగ్గూ లేదు. బస్సు తప్పిపోయిన మనిషిలా నిలబడ్డాడు.

మిసెస్ లమ్ వీధి మలుపు తిరగ్గానే, "గూట్లో నా పావురాలకి గింజలు వెయ్యాలి," అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పక్కింటి వాల్టర్ వచ్చాడు. మిల్లులో రిటైరయిన మనిషి. వీధిలో అందరికీ బీరు కాయడం నేర్పింది ఆయనే. మోటారుసైకిలు కళ్ళద్దాలూ, బొగ్గు చేతితొడుగులూ వేసుకుని వచ్చాడు.

"యుద్ధం ఇంకోటి మొదలైందేమో అనుకున్నా. నీకేం దెబ్బ తగల్లేదుగా అమ్మాయ్?"

"లేదు వాల్టర్. ఇంకా పద్దెనిమిది మిగిలాయి."

"ముట్టుకోకు. తడి తువ్వాలు తే."

ఒక్కో సీసాకీ తువ్వాలు చుట్టి, స్నానాల తొట్టెలో పెట్టి, మూత కాస్త వదులు చేసి గాలి తీశాడు ఆయన. ఒక్కోటీ కప్పుదాకా ఎగజిమ్మింది. నోరీన్ గుమ్మంలో నిలబడి కొత్త తువ్వాలు అందిస్తోంది.

"చెప్తే విన్నాడా మీ ఆయన," అన్నాడు వాల్టర్ పని చేసుకుంటూనే. "ఇదుగో, ఇదీ ఫలితం."

"ఏం చెప్పారు?"

"ఆదివారం పొద్దున నన్ను పిలిచాడుగా. కొలత నేనే వేశాను. ఇరవై మీద తేలుతోంది. ఇంకో నాలుగు రోజులు ఆగరా నాయనా, ఇప్పుడు పట్టావంటే గురువారానికల్లా బాంబులే అన్నాను."

నోరీన్ చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. "ఇరవయ్యా?"

"ఇరవై. నా కళ్ళు బానే ఉన్నాయి. పైగా మీవాడేమన్నాడో తెలుసా? 'గురువారమే పేలతాయంటావా?' అన్నాడు. ఔనన్నాను. 'మంచిదేలే,' అన్నాడు. ఏదో పరాచికమనుకున్నా." ఆయన ఇంకో సీసా అందుకున్నాడు. "ఏం, గురువారం ఏముంది?"

"ఏం లేదు," అంది నోరీన్. "మీరు కానివ్వండి."

క్లిఫర్డ్ చీకటి పడుతుండగా వచ్చాడు. సాసేజీలూ, ఉడికించి మెదిపిన బంగాళాదుంపలూ పళ్ళెంలో పెట్టి అతని ముందుకి తోసింది. తను కూర్చోలేదు.

"ఇరవై మీద ఉందట," అంది.

అతను ఫోర్కు తీశాడు కానీ తినలేదు. "వాల్టర్ చెప్పాడా?"

"ఆరు అని నాతో ఎందుకన్నావు?"

"నువ్వే కదా గురువారానికి ఖాళీ చెయ్యమన్నావు."

"క్లిఫ్."

అతను ఫోర్కు పళ్ళెం అంచున పెట్టేశాడు. "పేలతాయని ఖాయంగా తెలీదు నాకు. పేలితే పేలనీ అనుకున్నా. అంతే."

"ఆ పెంకు ఎక్కడ దిగిందో చూశావా?"

"చూశా. అప్పుడక్కడ పిల్ల లేదుగా."

"నోటితో ఒక్క ముక్క చెప్పొచ్చుగా. వద్దు నోరీన్ అని."

"ఎప్పుడు చెప్పను? నువ్వు గోడకి రంగు వేసేటప్పుడా? మంచం తెచ్చేటప్పుడా? మూడేళ్ళనుంచీ నువ్వు నన్నడిగింది పసుపా, నీలమా అని." గొంతు పెంచలేదు అతను. ఎప్పుడూ పెంచడు. "ఇప్పుడు మాత్రం నేను వద్దంటున్నానా? ఆవిడ బుధవారం వస్తానందిగా. రానీ. పిల్ల వస్తే వస్తుంది. నేనేం అడ్డం రాను. చూసుకుందాం."

నోరీన్‌కి అన్నిటికన్నా ఆ ఆఖరి మాటే గుచ్చుకుంది. అతను కోప్పడి వద్దని ఉంటే పోట్లాడేది, బతిమాలేది, పుట్టింటికి పోతాననేది. చూసుకుందాం అన్నవాడితో ఏం పోట్లాడుతుంది? అతను చెప్పింది అబద్ధమూ కాదు. ఆఫీసువాళ్ళని ఎప్పుడు పిలుద్దాం, ఏ రంగు వేద్దాం, ఏ బడి అని ఇన్నేళ్ళూ అడిగింది. పిల్ల నీకు కావాలా అని మాత్రం అడగలేదు. అడిగితే ఏమంటాడో తనకి తెలుసు కాబట్టే అడగలేదు. కొలత వెయ్యకుండా మూత బిగించింది అతనొక్కడే కాదు.

కానీ దిండు మీది పెంకుని చూసి కూడా, అక్కడ పిల్ల లేదుగా అన్నాడు. రేపు పిల్ల ఉంటుంది. నాలుగేళ్ళకే రెండిళ్ళు మారి వచ్చిన పిల్ల, ఏ మాటా పైకి అనని ఈ మనిషి ఎదురుగా కూర్చుని రోజూ గుడ్డు తింటుంది. తను ఇంట్లో ఎవరికి అక్కర్లేదో దానికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"చల్లారిపోతోంది, తిను," అంది. అతను తిన్నాడు.

మర్నాడు పొద్దున పనికి పోతూ, బస్టాండు పక్కన నాణెం వేసి మాట్లాడే అద్దాల ఫోను పెట్టెలోకి వెళ్ళి మిసెస్ లమ్‌కి ఫోను చేసింది. 

"బుధవారం మీరు రావద్దండీ."

"ఆ సీసాల గురించా? అయ్యో, నేను మర్చిపోయానమ్మా దాన్ని."

"సీసాల గురించి కాదు. జానిస్‌ని వేరేవాళ్ళకి ఇవ్వండి. త్వరగా ఇవ్వండి."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. "మిసెస్ హెల్లివెల్, నిన్న నా చెయ్యి వదల్లేదు మీరు. ఆ మనిషేనా ఈ మాటంటోంది?"

"ఆ మనిషే."

"ఇలా వెనక్కి తీసుకుంటే మళ్ళీ మీ పేరు పైకి రావడం కష్టం. మీ వయసు కూడా చూస్తారు. తెలుసుగా?"

"తెలుసు."

"సరే. కారణం రాయాలి నేను. ఏమని రాయను?"

నోరీన్ ఆలోచించుకుని వచ్చిందేమీ లేదు. "పిల్ల కావాలంటున్నది ఇంట్లో ఒక్కళ్ళే అని రాయండి."

"ఎవరు?"

"అది రాయక్కర్లేదండీ."

ఫోను కోసం బయట వర్షంలో నిలబడ్డ ముసలావిడ నాణెంతో అద్దం మీద టకటకా కొట్టింది. నోరీన్ ఫోను పెట్టేసి, ఆవిడ లోపలికి వచ్చేదాకా తలుపు పట్టుకుని నిలబడింది.