ఏడో చార

శనివారం ఉదయం పదీ ఇరవైకి రేసుకోర్సు క్లబ్బు కార్యదర్శి నాలుగో అద్దాల పెట్టె తెరిపించి, అందులోని జాకీ చొక్కాను బయటికి తీయించాడు. పసుపు చొక్కా, నల్ల అడ్డచారలు. గుర్రాల యజమానుల రంగులు రాసి ఉంచే రిజిస్టరులో ఆ రంగులకు ఏడు చారలని ఉంది. చొక్కాకు ఆరే ఉన్నాయి. పాత చొక్కాల గ్యాలరీ ప్రారంభం సాయంత్రం నాలుగింటికి.

ఇది నకలేమోనని, చొక్కా ఇచ్చినామెకు ఫోన్ వెళ్లింది. ముప్పై ఎనిమిదేళ్లు ఆ క్లబ్బులో జాకీల చొక్కాలు కుట్టిన మనిషి. అందరూ టైలరమ్మ అంటారు. పదకొండుంపావుకల్లా వచ్చింది. వెంట మరిది ఉన్నాడు. నాలుగడుగుల పది అంగుళాల మనిషి, ఒకప్పటి జాకీ. చిటికెన అంటే తప్ప గేటు దగ్గరివాళ్లు కూడా గుర్తుపట్టరు. ఆ చొక్కా తొడుక్కుని గుర్రమెక్కింది అతనే.

"నకలు అన్నాడా వదినా? నేను కూడా నకలేనేమో అడుగుదాం," అన్నాడు మెట్లెక్కుతూ.

"నువ్వు నోరు మెదపకు. నేను మాట్లాడతాను."

"నలభై ఏళ్లుగా జరుగుతున్నది అదేగా!"

హాల్లో పదకొండు పెట్టెలున్నాయి. టైలరమ్మ ఒక్కోదాని ముందూ ఆగింది. తెలుపు మీద ఎర్ర పట్టీ మిల్లు అన్నదమ్ములది. ఇద్దరికీ మాటల్లేని రోజుల్లో కూడా చొక్కా ఒకటే. లేత నీలం మీద గులాబీ నక్షత్రాలు డాక్టరమ్మవి. రేసు ఉన్న రోజు ఆమె ఆపరేషన్లు పెట్టుకునేది కాదు. ఊదా చొక్కాకు బంగారు చేతులు సినిమాలాయనవి. ఆయన గుర్రాలు ఎప్పుడూ రెండోస్థానంలో వచ్చేవి, చొక్కాలు మాత్రం ఎప్పుడూ మొదటివే. అప్పట్లో గుర్రం పేరు ఎవరికి కావాలి? మలుపు దగ్గర నక్షత్రాలు కనబడితే చాలు, "డాక్టరమ్మొచ్చింది, డాక్టరమ్మొచ్చింది" అని స్టాండ్లన్నీ లేచి నిలబడేవి. పసుపూ నలుపూ కనబడితే "ఓడలాయన!" అని ఒకటే అరుపు. ఆయనకు ఓడలుండేవి. వరుసగా మూడేళ్లు కప్పు గెలిచాడు. మూడో కప్పునాటి చొక్కాను ఆమె చేతికే ఇచ్చి, ఇంటికి పట్టుకెళ్లమన్నాడు.

కార్యదర్శి ఆఫీసులో బల్ల మీద రెండు చొక్కాలు పరిచి ఉన్నాయి. ఒకటి పాతది, ఒకటి కొత్తది. పక్కన రిజిస్టరు.

"మిమ్మల్ని అనుమానించడం కాదమ్మా," అన్నాడు. "రిజిస్టరు చూసొచ్చి చారలు లెక్కపెట్టేవాళ్లుంటారు. అందుకే మొన్న తేడా కనబడగానే వర్క్‌షాపులో కొత్తది కుట్టించి ఉంచాం. కొలతలు మీ చొక్కావే. చారలు ఏడు. పెట్టెలో ఇది పెడతాం. మీది పక్క గదిలో, అభిమానులు కుట్టించుకున్న నకళ్లతో..."

టైలరమ్మ పాత చొక్కాను తన వైపు లాక్కుంది. తెలియదని చెప్పి వెళ్లిపోతే చొక్కా నకలైపోతుంది. నిజం చెబితే పేరు పోవచ్చు. రిజిస్టరు తప్పి కుట్టిన టైలరు పేరును క్లబ్బు టైలర్ల జాబితాలోంచి కొట్టేయాలని నియమం. ఆ జాబితాను గ్యాలరీ గుమ్మం పక్కన రాతి పలక మీద చెక్కించారు. అందులో ఆమెది మూడో పేరు.

"అది అసలు చొక్కాయే," అంది. "ఆరే కుట్టాను. మా మరిది ఓడలాయన గుర్రాలెక్కిన తొమ్మిదేళ్లూ ఆరే కుట్టాను. నేనే."

చిటికెన తలెత్తి ఆమెను చూశాడు. కార్యదర్శి కలం మూత తీశాడు.

"ఎందుకు?"

"ఈయన పొడుగు చూశారుగా. ఏడో చార ప్యాంటులోకి పోయేది. నల్ల పట్టు చెమటకు రంగు దిగేది. రేసు అయ్యేసరికి తెల్ల ప్యాంటు నడుం చుట్టూ నల్లటి మరక. ఉతికేది మా తోడికోడలు. తిట్లు తినేది నేను."

"తిట్లలో నాకూ వాటా ఉండేది సార్," అన్నాడు చిటికెన.

"చారలు సన్నం చేయొచ్చుగా?"

"చేయొచ్చు. స్టాండ్లోంచి చూస్తే పసుపూ నలుపూ కలిసిపోయి మురికి గుడ్డలా ఉంటుంది. ఓడలాయన రంగులు మురికిగా కనబడితే ఆ తప్పెవరిది? ఒకటిన్నర అంగుళానికి తగ్గితే దూరానికి ఆనదు."

"ఆయనకు తెలుసా?"

"మొదటి రేసు గెలిచిన రోజే తెలిసింది. ఈయన చొక్కా బయటికి లాగి చెమట తుడుచుకుంటుంటే లెక్కపెట్టాడు. తిన్నగా కుట్టుగదికి వచ్చి, ఏడోది ఏదీ అన్నాడు. ఎవరికీ కనబడనిది ఎందుకని తీసేశానన్నాను. గుర్రానికి ఆ మాత్రం బరువు తగ్గిందిలే అన్నాడు. వెళ్లిపోయాడు. అంతే."

"దానికి కాగితం లేదు కదమ్మా."

"కాగితం లేదు. మనిషి ఉన్నాడు. ఏమయ్యా, లే. ఆ కొత్తది తొడుక్కో."

చిటికెన లేచాడు. జాకీ పని మానేసి ఇరవై ఆరేళ్లయినా అతనికి పెరిగింది చెవుల మీద వెంట్రుకలే. కొత్త చొక్కా తొడుక్కుని, అంచు ప్యాంటులోకి దోపి, కుర్చీని వెనక్కి తిప్పి దాని మీద ఎక్కి కూర్చున్నాడు. నడుం వంచి, లేని కళ్లేలు పట్టుకున్నాడు.

"సార్, మీరు హాలు చివరికి వెళ్లండి," అంది టైలరమ్మ. "స్టాండ్లో ఉన్నాననుకుని లెక్కపెట్టండి."

కార్యదర్శి వెళ్లాడు. తలుపుల్లోంచి వేలు ఆడిస్తూ లెక్కపెట్టాడు. "ఆరు," అన్నాడు. మళ్లీ లెక్కపెట్టాడు. ఆరే.

"ఇప్పుడు పాతది."

చిటికెన మార్చుకున్నాడు. బొత్తాలు పెట్టుకోవడానికి కొంచెం ఎక్కువసేపు పట్టింది. కుర్చీ ఎక్కాడు. తల దించి, మోచేతులు లోపలికి తీసుకున్నాడు. ఆఫీసు గుమాస్తాలు ఇద్దరు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. వాళ్లలో పెద్దాయన, "ఓడలాయన," అన్నాడు.

"ఆరు," అన్నాడు కార్యదర్శి హాలు చివరి నుంచి.

తిరిగొచ్చి కూర్చున్నాడు. "ఇది నేను కమిటీకి చెప్పాలమ్మా. పలక మీద మీ పేరు విషయం..."

"చెప్పండి. రాసిమ్మన్నా రాసిస్తాను. చొక్కా మాత్రం దాని చోట్లో ఉండాలి. పేరు పోతే రాతి మీద అక్షరాలే కదా. చొక్కా పోతే నేను పనిచేసినట్టే కాదు."

"వదినా, దిగమంటావా?" అన్నాడు చిటికెన. "మోకాళ్లు ఒప్పుకోవట్లేదు."

"ఎవరు ఉండమన్నారు?"

ఆమె తెల్లకాగితం మీద పదకొండు వరుసలు రాసి సంతకం చేసింది. కింద చిటికెన సంతకం పెట్టాడు. మధ్యాహ్నం మూడూ నలభైకి పాత చొక్కాను నాలుగో పెట్టెలో పెట్టి తాళం వేశారు. నాలుగింటికి గ్యాలరీ తెరిచారు. ఆ సాయంత్రం సందర్శకుల పుస్తకంలో మూడువందల పన్నెండు సంతకాలు పడ్డాయి.

సోమవారం పదకొండింటికి కమిటీ సమావేశమైంది. ముప్పావుగంట కూర్చుంది. పేరు కొట్టేయాలన్నవారు ఇద్దరు, వద్దన్నవారు ఐదుగురు. అదే రోజు రిజిస్టరులో ఓడలాయన పేజీ అడుగున కార్యదర్శి తన చేత్తో ఒక వాక్యం చేర్చి తేదీ వేశాడు: "తొమ్మిదేళ్లు ఈ రంగులు ఆరు చారలతో పరుగెత్తాయి, కుట్టినామె చెప్పింది, జాకీ ధ్రువీకరించాడు."