మీటరు మంచుకు సరిపడా ఇల్లు

నీగాత కొండల్లో మా కుజుసావా ఊరికి ఒక రూలుంది. ఇంటి కప్పు మూడు మీటర్ల మంచు మోయాలి. ఊళ్లో మంచు దించే ఆచారం ఉంటే మాత్రం ఒక్క మీటరు మోస్తే చాలట, ఆ సంగతి గుమ్మం దగ్గర బోర్డు మీద రాసి పెట్టాలట. ఆచారమంటే ఏమిటో అనుకునేరు. డెబ్బై మూడేళ్ల నేనూ, నా పారా.

పోయిన చలికాలం ఆ ఆచారం కప్పు మీంచి జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మంచు దించే దిక్కు లేక పక్కింటి హత్సునో అక్క ఇల్లు కూలింది. అదృష్టం కొద్దీ ఆవిడ అప్పుడు మా ఇంట్లో టీ తాగుతోంది. అప్పట్నుంచీ మా ఇంట్లోనే తాగుతోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్న ఆఫీసువాళ్లు రూలు మార్చారు. ఇకపై ఆచారం ఉందో లేదో అధికారి స్వయంగా చూశాకే ఒక మీటరు అనుమతి.

యోకోజావా అనే అధికారి వచ్చాడు. మంచు సంగతి విచారించడానికి జూన్ నెలలో, విసనకర్రతో.

మళ్లీ ఇల్లు కట్టుకుందామంటే, మూడు మీటర్లకు కావలసిన దూలాలు అక్క తాహతుకు మించినవి. ఈ అనుమతి రాకపోతే పట్నంలో వృద్ధాశ్రమమే గతి. అందుకే గుమ్మంలో పిలుపు వినగానే నా చేతికర్రను దిండు కింద దోపి దానిమీద కూర్చుంది.

"ఇక్కడ మంచు ఎవరు దించుతారండీ?" అన్నాడు అధికారి, ఫారం తీసి.

"ఎవరూ లేరు బాబూ. ఉన్న ఒక్కాయనా కుంటుతున్నాడు," అంది మా ఆవిడ సుగియే.

"ఊరుకోవే! మా తమ్ముడు కొండమేకలా ఎక్కుతాడు," అంది అక్క.

"అయితే లేచి నాలుగడుగులు వెయ్యమనండి అక్కా, చూద్దాం."

అక్క నావైపు చూసింది. ఆ చూపు చూశాక కాదనలేకపోయాను. గోడ పట్టుకుని లేచి కిటికీదాకా నడిచాను. ప్రాణం పోయినంత పనైంది.

"నేనే దించుతాను," అన్నాను.

"ప్రతి ఏడూనా?"

"బతికున్న ప్రతి ఏడూ."

"ఆ గడి ఫారంలో లేదండీ. 'ఆచారం కలదు' అని రాస్తున్నా."

సంతకానికి బదులు నాచేత నా పేరు ముద్ర వేయించుకుని, మా ఆవిడ పెట్టిన దోసకాయ ఊరగాయ మెచ్చుకుని వెళ్లాడు. తాంబూలాలిచ్చేశాను తన్నుకు చావండి అన్నట్టు.

"ఎక్కి చావండి. నేను మాత్రం నిచ్చెన పట్టుకోను," అంది మా ఆవిడ. రెండు వారాలు నాతో మాట్లాడలేదు.

అక్టోబరుకు ఇల్లు లేచింది. నలభై ఏళ్లు వడ్రంగం చేసినవాణ్ణి, ఆ సన్నటి దూలాలు చూస్తేనే భయమేసింది. గుమ్మం పక్కన మాత్రం బోర్డు దిట్టంగా కొట్టారు: "ఈ కప్పు ఒక మీటరు మంచుకు మాత్రమే. ఊరిలో మంచు దించే ఆచారం కలదు."

డిసెంబరు ఆఖరికి మంచు మీటరు దాటింది. తెల్లారగానే పార కోసం వెతికాను. లేదు. తాడూ లేదు, మా ఆవిడా లేదు. కర్ర ఊతంగా అక్క ఇంటికి పోయేసరికి మా ఆవిడ నిచ్చెన పట్టుకుని నిలబడి ఉంది. పైన అక్క, నడుముకు తాడు కట్టుకుని మంచు తోస్తోంది.

"అక్కా, దిగు! ముద్ర వేసింది నేను!"

"వేయించింది నేను కదరా తమ్ముడూ. పక్కకు జరుగు, నెత్తిన పడుద్ది."

సిగ్గుతోనూ భయంతోనూ కళ్లలో నీళ్లు తిరిగాయి. కర్ర పారేసి తాడు రెండో కొస పట్టుకున్నాను.

ఆ అధికారి అబద్ధమేమీ రాయలేదు. మా ఊళ్లో ఆచారం ఉంది. దాని వయసు ఎనభై ఒకటి.